తక్కువ ఖర్చులో తొలి వేణువు: కద్మా తెలుగు కుటుంబాలు గమనించవలసిన విషయాలు

వేణువు నేర్చుకోవాలన్న ఉత్సాహంతో మొదలుపెట్టి, కొద్ది వారాలకే దానిని అటకెక్కించేవారు ఎందరో ఉంటారు. ఊపిరి చాలలేదనో, పిల్లవాడికి సంగీతం అబ్బలేదనో పెద్దలు సరిపెట్టుకుంటారు. నిజానికి లోపం నేర్చుకునేవారిలో కాక, వారి చేతికిచ్చిన వాద్యంలో ఉండే సందర్భాలు తక్కువేమీ కావు. శ్రుతి తప్పిన వేణువు మీద ఎంత సాధన చేసినా స్వరం కుదరదు. చెవి ఇంకా పదును తేరని బాలునికి తప్పు ఎక్కడుందో తెలియదు. అందుకే తొలి వేణువు ఖరీదైనది కానక్కరలేదు గాని, శ్రుతి శుద్ధమైనదై ఉండాలి. తక్కువ ఖర్చులో అటువంటి వాద్యాన్ని ఎంచుకోవడం సాధ్యమే. అయితే కొనడానికి ముందు కొన్ని ప్రశ్నలకు సమాధానం తెలుసుకోవాలి.

జార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్ నగరంలో, ముఖ్యంగా కద్మా ప్రాంతంలో నివసించే తెలుగు కుటుంబాలకు ఈ ఎంపికలో మరొక చిక్కు కూడా ఉంది. ఇంట్లో వినిపించేది ఒక సంగీత సంప్రదాయం, ఊరిలో ఎక్కువగా లభించే శిక్షణ మరొక సంప్రదాయం. ఈ రెండింటికీ వాడే వేణువులు ఒకటి కావు.

ఆరు రంధ్రాలా, ఎనిమిది రంధ్రాలా?

1907లో టాటా ఉక్కు సంస్థ ఏర్పడిన తరువాత సాక్చి పరిసరాలలో వెలసిన పారిశ్రామిక నగరానికి 1919లో జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు. ఉద్యోగాల కోసం ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి తరలివచ్చిన కుటుంబాలు బిష్టుపూర్, కద్మా తదితర ప్రాంతాలలో స్థిరపడ్డాయి. బిష్టుపూర్‌లోని రామ మందిరం, కద్మాలోని ఆంధ్ర సంఘం ఆ వలసకు నేటికీ నిలిచిన గుర్తులు. ఈ ఇళ్లలో పెద్దలకు త్యాగరాజ కృతులు, అన్నమయ్య సంకీర్తనలు సుపరిచితం. నగరంలో మాత్రం హిందుస్థానీ సంగీతానికీ, రవీంద్ర సంగీతానికీ ఆదరణ అధికం. నగర పరిసరాలలోని సంతాల్ గ్రామాలలో వెదురు వేణువును తిరియో అంటారు. తమాక్, తుమ్దాక్ వాద్యాలతో కలిసి అది పండుగ పాటలకు ప్రాణం పోస్తుంది.

హిందుస్థానీ సంగీతంలో వాడే బాన్సురికి సాధారణంగా ఆరు స్వర రంధ్రాలుంటాయి. కొన్నింటికి ఏడవ రంధ్రం కూడా ఉంటుంది. కర్ణాటక సంగీతంలో వాడే వేణువుకు ఎనిమిది స్వర రంధ్రాలు. ఊదడానికి పెదవి ఆనించే ముఖరంధ్రం ఈ లెక్కలోకి రాదు. కర్ణాటక వేణువు సాధారణంగా పొట్టిగా, కాస్త దళసరి గోడతో ఉంటుంది. బాన్సురి పొడవుగా, పలుచని గోడతో ఉండి గంభీరమైన నాదాన్ని ఇస్తుంది.

తేడా రంధ్రాల సంఖ్యతోనే ఆగదు, వేళ్ల అమరిక కూడా మారుతుంది. బాన్సురిలో ముఖరంధ్రం వైపు నుంచి మొదటి మూడు రంధ్రాలు మూసి ఊదితే షడ్జం పలుకుతుంది. కర్ణాటక పద్ధతిలో మొదటి రెండు రంధ్రాలు మూసినప్పుడే షడ్జం వస్తుంది. ఒక పద్ధతిలో వేళ్లు అలవాటుపడిన తరువాత రెండవ పద్ధతికి మారడమంటే దాదాపు మొదటి నుంచి నేర్చుకోవడమే. అందువల్ల వేణువు కొన్న తరువాత గురువును వెతకడం కంటే, గురువును నిశ్చయించుకున్న తరువాత వేణువును కొనడం ఉత్తమం.

కద్మాలోనో, బిష్టుపూర్‌లోనో నేరుగా చెప్పే గురువు హిందుస్థానీ పద్ధతి వారైతే ఆరు రంధ్రాల బాన్సురినే తీసుకోవాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, తమిళనాడులోని గురువుల వద్ద అంతర్జాలం ద్వారా కర్ణాటక సంగీతం నేర్చుకునేవారు ఎనిమిది రంధ్రాల వేణువు తెప్పించుకోవాలి. ప్రయాగ సంగీత సమితి వంటి సంస్థలు నిర్వహించే పరీక్షలకు కూర్చోవాలనుకుంటే, ఆ పాఠ్యప్రణాళిక ఏ పద్ధతికి చెందినదో ముందుగా విచారించుకోవాలి.

ఈ రెండు పద్ధతులలో ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అన్న భావన సరికాదు. శరభ శాస్త్రి కర్ణాటక కచేరీ వేదికపై వేణువుకు స్థానం కల్పించగా, పల్లడం సంజీవరావు ఆ బాణీని కొనసాగించారు. మాలిగా ప్రసిద్ధులైన టి.ఆర్. మహాలింగం గాత్రంలోని గమకాలను వేణువుపై పలికించి వాదన విధానాన్నే మార్చివేశారు. అటు హిందుస్థానీలో పన్నాలాల్ ఘోష్ సుమారు 32 అంగుళాల పొడవైన వేణువును రూపొందించి, జానపద వాద్యంగా పరిగణించిన బాన్సురిని శాస్త్రీయ కచేరీకి తీసుకువచ్చారు. హరిప్రసాద్ చౌరాసియా 1957లో కటక్ ఆకాశవాణి కేంద్రంలో ఉద్యోగంలో చేరి, అనంతర కాలంలో ఆ వాద్యానికి ప్రపంచ ఖ్యాతి తెచ్చారు.

అడ్డంగా ఊదేదా, నిలువుగా ఊదేదా?

వినాయక చవితి రోజులలో కద్మా గణేశ్ పూజా మైదానంలో జరిగే సంతలోనైనా, సంక్రాంతి వేళ వచ్చే టుసు మేళాలలోనైనా పిల్లలు ముచ్చటపడి కొనిపించుకునే పిల్లనగ్రోవులు రెండు రకాలు. ఒకటి ఈల మాదిరిగా కొసను నోట పెట్టుకుని నిలువుగా ఊదేది. దీనిలో గాలిని అంచు మీదికి పంపే దారి లోపలే అమర్చి ఉంటుంది కాబట్టి ఎవరు ఊదినా వెంటనే శబ్దం వస్తుంది. రెండవది అడ్డంగా పట్టుకుని, పెదవులతో గాలిని మలచి ఊదేది. శాస్త్రీయ సంగీతంలో వాడేది ఈ రెండవ రకమే.

నిలువు పిల్లనగ్రోవి ఆటవస్తువుగా, వేళ్ల కదలికకు తొలి పరిచయంగా పనికివస్తుంది. అయితే వేణుగానానికి మూలాధారమైన పెదవి సాధన దానివల్ల అలవడదు. శాస్త్రీయ శిక్షణ ఉద్దేశమైతే తొలి రోజు నుంచే అడ్డ వేణువు పట్టడం మంచిది. ఆరేడేళ్ల పిల్లలకు వేళ్లు అందకపోతే ఒకటి రెండేళ్లు గాత్రం నేర్పించి, స్వరజ్ఞానం కలిగిన తరువాత వేణువు ఇవ్వడం మరొక మార్గం.

వెదురు, కర్ర, ప్లాస్టిక్

కర్రతో చేసిన వేణువు కావాలని అడిగేవారికి మన దేశంలో సాధారణంగా లభించేది వెదురు వేణువే. వృక్షశాస్త్ర రీత్యా వెదురు చెట్టు కాదు, గడ్డి జాతికి చెందినది. సహజంగానే లోపల బోలుగా ఉండటం, కణుపుల మధ్య దూరం ఎక్కువగా ఉండటం వల్ల వేణువుకు అది అనువైనది. దేశంలో వేణువుల తయారీకి పేరుపొందిన ఉత్తరప్రదేశ్‌లోని పీలీభీత్ పట్టణపు కళాకారులు అస్సాం నుంచి వచ్చే వెదురును వాడుతారు.

గట్టి కర్రను తరిమెన పట్టి, లోపల తొలిచి చేసిన వేణువులు కూడా ఉన్నాయి. ఐర్లండ్ జానపద సంగీతంలో వాడే కర్ర వేణువులకు ఆఫ్రికా నల్లకర్ర వంటి బరువైన కలప వాడుతారు. పనితనం ఎక్కువ కాబట్టి వాటి ధర వెదురు వేణువు ధరకు ఎన్నో రెట్లు ఉంటుంది. వాటి శ్రుతికి పేరు పెట్టే తీరు కూడా వేరు. ఐరిష్ వేణువులో ఆరు రంధ్రాలూ మూసినప్పుడు వచ్చే స్వరాన్ని బట్టి దానిని డి వేణువు అంటారు. బాన్సురిలో మూడు రంధ్రాలు మూసినప్పుడు వచ్చే షడ్జాన్ని బట్టి పేరు పెడతారు. ఐరిష్ పద్ధతిలో డి వేణువు అయినది బాన్సురి లెక్కలో జి అవుతుంది. అంతర్జాల అంగళ్లలో అక్షరం మాత్రమే చూసి తెప్పించుకుంటే పొరపాటు జరగవచ్చు.

తక్కువ ధరకు అమ్మే టేకు, రోజ్‌వుడ్ వేణువులలో కొన్ని కేవలం అలంకారానికి చేసినవి. నగిషీ పని, మెరుగు, రంగు చూసి మోసపోకూడదు. కర్ర పేరు కంటే రంధ్రాల కొలతలు, లోపలి నునుపు, ముఖరంధ్రపు అంచు నాదాన్ని ఎక్కువగా నిర్ణయిస్తాయి.

పీవీసీ గొట్టంతో చేసిన వేణువును చిన్నచూపు చూడనక్కరలేదు. కొలతలు సరిగా ఉంటే అది శ్రుతిలోనే పలుకుతుంది, ఎండకు పగలదు, చెమటకు చెడదు. నాదంలో వెదురు మాధుర్యం కొంత తగ్గినా, అలంకారాలు సాధన చేసే దశలో అది లోటు కాదు. శ్రుతి తప్పిన వెదురు వేణువు కంటే శ్రుతి కుదిరిన ప్లాస్టిక్ వేణువు మేలు.

శ్రుతి, పొడవు, వేళ్ల అందుబాటు

వేణువు ఎంత పొడవైతే స్వరం అంత మంద్రంగా ఉంటుంది. పొడవు పెరిగేకొద్దీ రంధ్రాల మధ్య దూరం, ఊదవలసిన గాలి కూడా పెరుగుతాయి. కచేరీలలో ఎక్కువగా వినిపించే ఇ శ్రుతి బాన్సురి సుమారు 29 అంగుళాలు ఉంటుంది. దాని నాదం విని ముగ్ధులై నేరుగా దానినే కొనేవారున్నారు. పన్నెండేళ్ల పిల్లవాడి వేళ్లు ఆ రంధ్రాలను పూర్తిగా మూయలేవు. రంధ్రం పక్కన వెంట్రుకవాసి సందు మిగిలినా స్వరం చీలిపోతుంది.

బాన్సురి మొదలుపెట్టేవారికి మధ్య స్థాయి సి శ్రుతి వేణువు అనుకూలంగా ఉంటుంది. దాని పొడవు సుమారు 18, 19 అంగుళాలు. పెద్దవారు, పొడవైన వేళ్లు ఉన్నవారు జి శ్రుతి బాన్సురితో ప్రారంభించవచ్చు. కర్ణాటక వేణువులకు శ్రుతిని అంకెలతో చెబుతారు. 1 అంటే సి, 2 అంటే డి, 5 అంటే జి, 6 అంటే ఎ. ఐదున్నర వంటి అర సంఖ్యలు మధ్యలోని స్వరాలను సూచిస్తాయి. ప్రారంభకులకు 5, 6 శ్రుతుల పరిసరాలలోని వేణువులను సూచించడం వాడుక. గురువును అడిగేటప్పుడు శ్రుతితో పాటు పొడవును కూడా అడిగి రాసుకోవడం మంచిది.

కొనేముందు నేర్చుకోబోయేవారి చేతనే వేణువును పట్టించి చూడాలి. మణికట్టు మెలిక పడకుండా, భుజం పైకి లేవకుండా అన్ని రంధ్రాలూ మూయగలిగితే ఆ పొడవు సరిపోయినట్లే. వేళ్ల కొనలతో కాక మెత్తని భాగంతో మూస్తున్నారో లేదో గమనించాలి.

అంగడిలో చేయవలసిన పరీక్షలు

సాక్చి, బిష్టుపూర్ బజారులలో కొన్నా, సంతలో కొన్నా ఈ పరీక్షలకు పది నిమిషాలు చాలు.

మొదటిది కంటి పరీక్ష. వేణువును వెలుతురుకు ఎదురుగా పట్టి గొట్టంలోంచి చూడాలి. లోపల పీచు, ముక్కలు, అడ్డుగోడ మిగులు ఉండకూడదు. వెలుతురు గీతలా కనిపిస్తే అక్కడ పగులు ఉన్నట్లు. ముఖరంధ్రం దగ్గర గాని, స్వర రంధ్రాలను కలుపుతూ గాని పగులున్న వేణువును తీసుకోకూడదు. రంధ్రాలు వరుసలో ఉండాలి. ముఖరంధ్రపు అంచు పదునుగా, గాట్లు లేకుండా ఉండాలి.

రెండవది గాలి పరీక్ష. స్వర రంధ్రాలన్నీ వేళ్లతో మూసి, కింది కొసను మరొకరు అరచేతితో మూయగా, ముఖరంధ్రం వద్ద గాలిని మెల్లగా పీల్చాలి. గాలి బిగిసినట్లు అనిపిస్తే గొట్టం దృఢంగా ఉన్నట్లు. ఎక్కడి నుంచో గాలి వస్తూ ఉంటే కంటికి కనబడని పగులో, వదులైన బిరడానో కారణం కావచ్చు.

మూడవది, అన్నింటికంటే ముఖ్యమైనది, శ్రుతి పరీక్ష. చరవాణిలో ఉచితంగా లభించే ట్యూనర్ దీనికి చాలు. నేర్చుకోబోయేవారు ఊదలేరు కాబట్టి అమ్మేవారినే ఊదమనాలి. మధ్య స్థాయి సి శ్రుతి బాన్సురిలో ఆరు రంధ్రాలూ మూసినప్పుడు పంచమం 392 హెర్ట్‌జ్‌ల వద్ద, మొదటి ఐదు మూసినప్పుడు ధైవతం 440 వద్ద, మొదటి మూడు మూసినప్పుడు షడ్జం 523 వద్ద పలకాలి. స్వరానికీ స్వరానికీ మధ్య దూరాన్ని ట్యూనర్ 100 సెంట్లుగా చూపుతుంది. స్వరాలన్నీ 10 సెంట్లలోపు తేడాతో ఉంటే ప్రారంభకులకు అది మంచి వేణువే. అన్నీ ఒకే దిశలో కొద్దిగా జరిగి ఉంటే ఊదే తీరుతో సర్దుకోవచ్చు. ఒకటి ఎక్కువగా, మరొకటి తక్కువగా ఉంటే ఆ వేణువును వదిలివేయాలి, ఎందుకంటే ఆ లోపాన్ని సాధనతో సరిదిద్దలేరు.

నాలుగవది స్థాయి పరీక్ష. అదే వేళ్ల అమరికతో కాస్త బిగించి ఊదితే స్వరం పై స్థాయికి చేరాలి. 392 వద్ద పలికిన పంచమం 784 వద్ద పలకాలి. పై స్థాయి కుంగినా, మరీ పైకి పోయినా బిరడా స్థానం సరిగా లేదని అనుమానించాలి.

అంతర్జాలంలో తెప్పించుకునేవారు ట్యూనర్ కనిపించేలా ఊదిన వీడియో పంపమని కోరాలి. శ్రుతి కుదరకపోతే తిరిగి తీసుకుంటారా అన్నది డబ్బు చెల్లించక ముందే తేల్చుకోవాలి.

ఎంత ఖర్చు పెట్టవచ్చు?

సంతలలో కొన్ని పదుల రూపాయలకు దొరికే వేణువులలో శ్రుతి కుదిరినది దొరకడం అదృష్టం మీద ఆధారపడిన విషయం. విద్యార్థుల కోసం శ్రుతి చేసి అమ్మే వేణువులు సాధారణంగా కొన్ని వందల రూపాయల నుంచి సుమారు 1,500 రూపాయల వరకు ఉంటాయి. కచేరీ వాద్యాల ధర వేలల్లోకి వెళుతుంది. తొలి ఏడాదికి రెండవ వర్గం సరిపోతుంది.

రెండు చౌక వేణువులు కొనే సొమ్ముతో ఒక మంచి వేణువు కొనడం లాభం. వివిధ శ్రుతుల వేణువుల కట్టను ఒకేసారి కొనడం ప్రారంభకులకు అనవసరం. కొనుగోలుకు కేటాయించిన మొత్తంలో కొంత మిగిల్చి ఒక బట్ట సంచికి, శుభ్రపరిచే కడ్డీకి వాడుకోవాలి. శ్రుతి పెట్టె కొననక్కరలేదు, తంబురా నాదం ఇచ్చే చరవాణి సాధనాలు ఉచితంగానే లభిస్తున్నాయి.

పాత వేణువును అరువు తెచ్చుకోవడం కూడా మంచి మార్గమే. పెద్ద విద్యార్థులు పొడవైన వేణువుకు మారినప్పుడు వారి తొలి వేణువు ఖాళీగా పడి ఉంటుంది. సంఘాలు, సంగీత తరగతులు నడిపేవారు అటువంటి వాద్యాలను సేకరించి చిన్నవారికి ఇవ్వగలిగితే పేద కుటుంబాల పిల్లలకు ఎంతో మేలు కలుగుతుంది. అయితే అరువు వేణువుకు కూడా పై పరీక్షలన్నీ వర్తిస్తాయి.

జంషెడ్‌పూర్ వాతావరణంలో సంరక్షణ

సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే ఈ నగరంలో వేసవి ఎండ తీవ్రంగా, వానాకాలం తేమగా, చలికాలం పొడిగా ఉంటుంది. వెదురుకు ఈ మార్పులు పరీక్షే. ఏప్రిల్, మే నెలల వడగాలికి తేమ ఆరిపోయి వేణువు పగలవచ్చు. వానాకాలంలో లోపల బూజు పట్టవచ్చు.

ఊదిన వెంటనే మెత్తని బట్ట చుట్టిన కడ్డీతో లోపలి తడిని తుడవాలి. నెలకొకసారి, వేసవిలో రెండు వారాలకొకసారి, కొద్దిగా ఆవనూనె గాని నువ్వుల నూనె గాని పలుచగా పట్టించి అదనపు నూనెను తుడిచివేయాలి. వేణువును కిటికీ ఎండలో, కూలర్ గాలికి ఎదురుగా, నిలిపిన వాహనంలో ఉంచకూడదు. గొట్టం చుట్టూ గట్టి దారపు కట్లు ఉన్న వేణువు పగులును కొంతవరకు తట్టుకుంటుంది కాబట్టి కొనేటప్పుడే కట్లున్నది ఎంచుకోవాలి.

ఉష్ణోగ్రత శ్రుతిని కూడా మారుస్తుంది. గాలి వేడెక్కితే ధ్వని వేగం పెరిగి స్వరం హెచ్చుతుంది. 15 డిగ్రీల చలిలోని గొట్టానికీ, 40 డిగ్రీల ఎండలోని గొట్టానికీ మధ్య సిద్ధాంతరీత్యా సుమారు 70 సెంట్ల తేడా వస్తుంది. ఊదేవారి ఊపిరి గొట్టాన్ని వెచ్చబరచడం వల్ల వాస్తవంలో తేడా అంతకంటే తక్కువే. జనవరి ఉదయం పరీక్షించేటప్పుడు రెండు మూడు నిమిషాలు ఊదించిన తరువాతే ట్యూనర్ చూడాలి.

తొలి నెలలో ఏమి ఆశించాలి?

మంచి వేణువు చేతికొచ్చినా మొదటి రోజే స్వరం రాదు. కొందరికి నాదం పలకడానికే వారం, పది రోజులు పడుతుంది. తొలి రోజులలో తల తిరిగినట్లు అనిపిస్తే ఆపి విశ్రాంతి తీసుకోవాలి. బలంగా ఊదడం వల్ల అలా జరుగుతుంది. ఉబ్బసం వంటి శ్వాస సమస్యలున్న పిల్లల విషయంలో వైద్యుని సలహా తీసుకున్న తరువాతే శిక్షణ మొదలుపెట్టాలి. రోజుకు 15 నిమిషాల చొప్పున రెండు పూటలా సాధన, వారానికి ఒకరోజు చేసే రెండు గంటల సాధన కంటే ఫలితమిస్తుంది.

నెల గడిచినా ఒక్క స్వరమే ఎప్పుడూ తప్పుతూ ఉంటే, విద్యార్థిని నిందించే ముందు అదే వేణువును అనుభవజ్ఞులైన ఒకరిచేత ఊదించి చూడాలి. వారి చేతిలోనూ ఆ స్వరం తప్పితే మార్చవలసింది వేణువునే. వారి చేతిలో చక్కగా పలికితే పిల్లవాడికి కావలసింది మరికొంత సమయం మాత్రమే.